పీరుకు మొక్కిన షర్బత్

మొక్కుకున్నది ఒకరు, చేతులు కదిలించింది ఇంకొకరు అయితే ఆ మొక్కు తీరినట్టా, తీరనట్టా? ఈ అనుమానం అనసూయమ్మను ఏళ్ల తరబడి పీడిస్తూనే ఉంది. శనివారాలు వెంకటేశ్వరుడికి దీపం వెలిగిస్తుంటే గుర్తుకొచ్చేది. పురాణం చెప్పే పంతులుగారిని అడుగుదామని ఒకసారి ఆయన ముందుదాకా వెళ్లి కూడా వెనక్కి తగ్గింది. ఏ దేవుడి మొక్కమ్మా అని ఆయన అడిగితే చెప్పాల్సి వస్తుంది. అది పీరుకు మొక్కిన మొక్కు.

అప్పుడు కూతురు కాంతమణికి మూడేళ్లు. గొంతు వాచి, మంచినీళ్లు కూడా మింగలేక, పెదవులు పగిలి, కళ్లు లోపలికి పోయి మంచంలో పడి ఉంది. డాక్టరు వచ్చి చూసి, ఈ రాత్రి గడిస్తే చూద్దామని చెప్పి వెళ్లిపోయాడు. అవి మొహర్రం రోజులు. సీతాఫల్‌మండిలో వాళ్ల గల్లీ చివరనే పీర్ల కొట్టం. అక్కడి డప్పుల చప్పుడు పిల్ల మంచం దాకా వినిపిస్తోంది. ఎదురింటి జాన్ బీ చిన్న గిన్నెలో షర్బత్ తెచ్చి గడప బయటే నిలబడింది.

"కర్బలాల నీళ్లు దొరకక పానం పోయిన పసిపిల్లల పేరు మీద చేసిన షర్బత్ ఇది బిడ్డా. దూది ముంచి దాని పెదవుల మీద పెట్టు."

అనసూయమ్మ అత్తగారి వైపు చూసింది. ముసలమ్మ గోడవైపు తిరిగి జపమాల తిప్పుతూ కూర్చుంది, ఏమీ విననట్టు. అనసూయమ్మ దూది ముంచింది. కొంతసేపటికి పిల్ల నాలుక చాపి చప్పరించింది. గుటక పడింది.

ఆ గుటక చూసి అనసూయమ్మ అక్కడికక్కడే చేతులు జోడించింది. 'స్వామీ, నా బిడ్డను దక్కించు. ఏటా పీర్ల పండుగ నాడు నా చేతులతో షర్బత్ చేసి, దాహమైనవాళ్లకు నా చేతులతో పోస్తాను.'

పిల్ల దక్కింది. మొక్కు దగ్గరే చిక్కొచ్చింది.

"మొక్కితే మొక్కినవు గని, మడి ఇంట్ల నీళ్లు, మడి ఇంట్ల గిన్నెలు పీర్ల కాడికి పోవుడేందీ?" అంది అత్త. "పచ్చి సామాను ఇయ్యి. నిమ్మకాయకు అంటు లేదు, చక్కెరకు అంటు లేదు. జాన్ బీ చేస్తది, జాన్ బీ పోస్తది, పుణ్యం నీకొస్తది. దేవునికి గింత సుత తెల్వదా?"

అప్పటినుంచి ఏటా నిమ్మకాయలు, చక్కెర, ఏలకులు పళ్లెంలో సర్ది ఎదురింటికి పంపడం అలవాటైంది. జాన్ బీ షర్బత్ చేసి పీర్ల కొట్టం ముందు అందరికీ పోసేది. అనసూయమ్మ కిటికీ దగ్గర నిలబడి చూసేది. దేవుడికి అన్నీ తెలుసు, నిజమే. మరి తను అన్న మాట కూడా ఆయన వినే ఉంటాడు కదా? నా చేతులతో అనే కదా తను అన్నది?

జాన్ బీ భర్త పీర్ మహమ్మద్ ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు. గల్లీలో చిన్న గుంట తవ్వి, బొగ్గులు పేర్చి, తోలుతిత్తి ఊదేవాడు. కాలిన గిన్నెలో నవాసాగరం చల్లి, తగరం ముక్క తాకించి దూదితో రుద్దితే, తెల్లటి పొగలోంచి గిన్నె లోపలంతా వెండిలా మెరుస్తూ బయటికి వచ్చేది. కళాయి లేని ఇత్తడిలో పులుపు పోయకూడదు. చిలుమెక్కి విషమవుతుంది. అందుకని ఎంత మడి ఇల్లయినా గిన్నెలు ఆయన చేతికి ఇవ్వక తప్పదు. ఇచ్చి తెచ్చుకున్నాక మాత్రం అత్త బావి దగ్గర కూర్చుని, చింతపండూ ఇటుకపొడీ వేసి, లోపలా బయటా అరచేతులు నొప్పి పుట్టేదాకా తోమి, పసుపునీళ్లు చల్లితే గానీ ఆ గిన్నె వంటింటి గడప దాటేది కాదు.

పీర్ మహమ్మద్ తన అరుగు మీంచి చూసి నవ్వేవాడు. "అమ్మా, నా చెయ్యి కడుగుతున్నరా, నా కళాయి కడుగుతున్నరా?"

"రెండూ," అనేది అత్త తల ఎత్తకుండానే. "కళాయి పోతే మళ్ల నువ్వే ఏస్తవు. యాడికి పోతవు?"

ఈ ఏడు ఆయన పోయాడు. మిలిటరీ రావడానికి కొద్ది రోజుల ముందు, బీదర్ వైపు పల్లెలో ఉన్న చెల్లెల్ని చూసి, దారిలో దొరికిన పని చేసుకుని వస్తానని తిత్తి భుజాన వేసుకుని బయల్దేరినవాడు తిరిగి రాలేదు. ఆ సెప్టెంబరులో రాజ్యం మారడానికి వారం కూడా పట్టలేదు. సికింద్రాబాదు బజార్లలో జనం జెండాలు పట్టుకుని పరుగెత్తారు, మిఠాయి పంచుకున్నారు. అనసూయమ్మ భర్త మధుసూదన్ రైల్వే గూడ్స్ షెడ్డులో గుమాస్తా. రజాకార్ల భయంతో ఎన్నో నెలలు తలుపుకు అడ్డంగా మంచం వేసుకుని పడుకున్న మనిషి, ఆ రోజు తలుపులు బార్లా తెరుచుకుని నిద్రపోయాడు. ఎదురింటి తలుపులు ఆ రోజే మూతపడ్డాయి. బీదర్ వైపు నుంచి వచ్చినవాళ్లు అక్కడి పల్లెల్లో ముస్లింల ఇళ్ల మీద పడ్డ సంగతులు గొంతు తగ్గించి చెప్పేవారు. బావుల మాట దగ్గరికి వచ్చేసరికి ఆపేసేవారు. జాన్ బీ ఎవరినీ ఏమీ అడిగేది కాదు.

రెండు నెలలు గడిచి మొహర్రం వచ్చింది. పీర్ల కొట్టానికి తాళం తియ్యలేదు. ముందు గుండం తవ్వలేదు. డప్పు మోగలేదు. పండుగ నాటి పొద్దున అనసూయమ్మ ఎప్పటిలాగే పళ్లెం సర్ది కాంతమణితో పంపింది. పళ్లెం పంపినట్టే తిరిగొచ్చింది.

"జానమ్మ వద్దన్నది అమ్మా. తలుపు సందుల నుంచే చెప్పింది. ఈ ఏడు మా ఇంట్ల షర్బత్ లేదు అన్నది."

"ఎందుకని అడగకపోయినవా?"

"అడిగిన. తలుపేసుకున్నది."

"పీర్లకే కర్ఫ్యూ పెట్టిండ్రు ఈ ఏడు," అంది అత్త పొయ్యి దగ్గర నుంచి. "ఇగ షర్బత్ ఏడ?"

కాంతమణి పళ్లెం కింద పెట్టి, చెంబెత్తుకుని గటగటా నీళ్లు తాగింది. అనసూయమ్మ ఆ చప్పుడు వింటూ నిలబడింది. ఇన్నాళ్లూ పరాయి చేతితోనైనా మొక్కు ఎంతో కొంత తీరుతోందని సరిపెట్టుకుంది. ఈ ఏడు ఆ చెయ్యి కూడా లేదు. ఈ పండుగ ఊరికే దాటిపోతే, ఆ గుటక ఇచ్చినవాడి ముఖం ఎలా చూడాలి? దేవుడు పగపట్టడని పంతులుగారు చెబుతారు. పట్టకపోవచ్చు. అయినా మాట మాటే కదా?

"నేనే చేస్తా," అంది.

మధుసూదన్ డ్యూటీకి వెళ్తూ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. "ఏందీ, నువ్వు చేసేది?"

"షర్బత్."

"నీకేమన్న పిచ్చా? ఎవరు ఎవరింటికి పోతున్నరో గల్లీ అంతా చూస్తున్నది. పీర్లకు షర్బత్ పోస్తే రేపు షెడ్డుల నన్ను రజాకారోని దోస్తంటరు."

"ఎండకాలంల పీర్ మహమ్మదన్న మనింటి మీదికి రజాకార్లు ఎవ్వరు రాకుండ తిత్తి తెచ్చి మన అరుగు మీద పెట్టుకుని, పొద్దు మునిగేదాక కూసున్నడు. అప్పుడు గల్లీ చూడలేదా? ఆయనను వాళ్లోళ్లు ఏమనలేదా?"

గుండీ మీద మధుసూదన్ చెయ్యి ఆగింది. "నేను వద్దన్ననా? జెర ఆలోచించుమన్న," అని గొణిగి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

అత్త మాత్రం వదల్లేదు. "కొట్టానికి తాళం ఉన్నది. ఎవరికి పోస్తవు? తాళానికా?"

"గల్లీల పోయేటోళ్లకు పోస్తా అత్తమ్మా. దాహం ఎవరికైనా దాహమే గదా."

"నీ మొక్కు, నీ ఇష్టం. మళ్ల నన్ను అడగకు."

అనసూయమ్మ తలస్నానం చేసి, పండుగలకు మాత్రమే దించే పెద్ద ఇత్తడి గుండిగను అటక మీంచి దించి కడిగింది. వంటింట్లో వెలుతురు తక్కువ. దాచిపెట్టిన రేషన్ చక్కెరంతా నీళ్లలో కరిగించి, పల్చటి గుడ్డలో వడగట్టింది. నిమ్మకాయల్ని సన్నికల్లు మీద అరచేత్తో దొర్లించి మెత్తబరిచి, అడ్డంగా కోసి పిండింది. ఏలకులు దంచి వేసింది. మొక్కుబడి షర్బత్ ఎంగిలి కాకూడదని చుక్క కూడా నాలుక మీద వేసుకోలేదు. తడిగుడ్డ కప్పి మూలన పెట్టింది. పీర్ల సవారీ ఎప్పుడూ మధ్యాహ్నం దాటాకే వచ్చేది. సవారీ లేకపోయినా ఆ వేళకే పోద్దామనుకుంది.

మధ్యాహ్నం గుడ్డ తీసింది. ఏలకుల వాసన వెనక ఇంకేదో వాసన. గరిటె ముంచబోతే, షర్బత్ అంచు చుట్టూ పచ్చటి గీత కనిపించింది. ఇక ఎంగిలి సంగతి చూసుకోకుండా వేలు ముంచి నాలుకకు అంటించుకుంది. నాలుక ముడుచుకుపోయింది. లోహాన్ని నాకినట్టుంది.

గుండిగను పెరట్లోకి, వెలుతురులోకి ఈడ్చుకొచ్చింది. లోపలంతా పసుపు పచ్చని మచ్చలు.

"అత్తమ్మా, దీనికి కళాయి ఏది?"

అత్త వచ్చి వంగి చూసింది. "మొన్న ఉగాదికే గద ఏసింది," అంటూ పైభాగాన లోపల అరచెయ్యి తిప్పింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. "నేనే తోమిన," అంది. "ఇటుకపొడి ఏసి తోమిన. ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు ఏసెటోడు, గందుకే ఏనాడు తెల్వలేదు."

"అయితే ఏయించుకుందాం తియ్యండి," అని నోరు జారింది అనసూయమ్మ.

"ఎవరితోని?" అంది అత్త.

అనసూయమ్మ గుండిగ వంచింది. షర్బత్ తూములోంచి గల్లీ మోరీలోకి పోయింది. ఇంట్లో చక్కెర అయిపోయింది. మిగిలినవి పళ్లెంలో కాసిని నిమ్మకాయలు, డబ్బాలో చిన్న బెల్లం ముక్క. పులుపుకు మట్టికుండ అయితే భయం లేదు. అలాంటి కుండ ఎక్కడుందో ఆమెకు తెలుసు. ఇన్నేళ్లూ తన నిమ్మకాయలు ఆ కుండలోనే షర్బత్ అయ్యాయి. నిమ్మకాయలు, బెల్లం ముక్క కొంగున కట్టుకుని గడప దిగబోయింది.

"మడిబట్టతోనే పోతున్నవు," అంది అత్త వెనకనుంచి.

"వచ్చి తానం చేస్తా."

"ఆగు." ముసలమ్మ దేవుడి గూట్లో వెతికి, నైవేద్యానికి దాచిన బెల్లం అచ్చు తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. "ఆ ముక్క ఏ మూలకు? నీళ్ల లెక్క పోస్తవా ఏంది?" అని కసురుకుని లోపలికి వెళ్లింది.

ఎదురింటి తలుపు రెండు మూడుసార్లు కొట్టాక తెరుచుకుంది. జాన్ బీ చిక్కిపోయింది. ఆమె చేతులకు గాజులున్నాయి. మొహర్రం నెల పొడుపు చూడగానే గాజులు తీసేసి, పండుగ దాటాకే మళ్లీ వేసుకోవడం ఆ ఇంట్లో ఆడవాళ్ల ఆచారం. ఈ ఏడు తియ్యలేదు.

"ఏం బిడ్డా, గిట్లొచ్చినవు? మీ అత్త చూడలేదా?"

"చూసింది. బెల్లం ఇచ్చి పంపింది. నీ షర్బత్ కుండ ఇయ్యి జానక్కా. మా గుండిగ చిలుమెక్కి అంతా ఆగమైంది."

"షర్బత్ లేదని చెప్పిన గదా."

"నువ్వు చెయ్యకు. నేను చేస్తా. కుండ ఇస్తే చాలు."

"కుండ ఇచ్చుడు, చేసుడు అన్నీ ఒకటే," అని జాన్ బీ గోడకు ఆనుకుని కూర్చుంది. "షర్బత్ చేసినమంటే దాని మీద ఫాతెహా చదవాలె. కర్బలాల షహీదులైనోళ్ల పేర్లు చెప్పినంక ఇంట్ల పోయినోళ్ల పేర్లు చెప్పాలె. మా మామ పేరు చెప్తా. మా అత్త పేరు చెప్తా. ఆ తర్వాత?"

అనసూయమ్మ నిలబడే ఉంది.

"ఆయన పేరు చెప్తే నా నోటితోని నేనే సంపినట్టు. చెప్పకుంటే..." జాన్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్లీ తీసింది. "నిజంగ పోయిండే అనుకో. ఎక్కడనో పడి, నీళ్లడిగితే ఇచ్చేటోళ్లు లేక పోయిండే అనుకో. పండుగ నాడు సుత నా పెండ్లాం నా పేరు మీద గుక్కెడు పొయ్యలేదని తక్లీఫ్ పడడా? ఆ ఆలోచన రోజూ తెల్లారంగనే షురూ అయితది. ఇటూ పోలేను, అటూ పోలేను. గందుకే షర్బతే వద్దనుకున్న. నువ్వు పో బిడ్డా."

అనసూయమ్మకు తెలిసిన స్తోత్రాల్లో గానీ, విన్న పురాణాల్లో గానీ దీనికి జవాబున్నట్టు గుర్తు రాలేదు. మెల్లగా జాన్ బీ ఎదురుగా, ఆ ఇంటి నేల మీద కూర్చుంది. ఇన్నేళ్ల ఇరుగుపొరుగులో ఆ నేల మీద కూర్చోవడం ఆమెకు ఇదే మొదలు.

"జానక్కా, నువ్వు చేస్తే నీ ఇంటి షర్బత్. నీ ఇంటి పేర్లు చెప్పాలె. నేను చేస్తే మా ఇంటి షర్బత్. మా మొక్కుల ఫాతెహా లేదు, పేర్లు లేవు. దాహమైనోళ్లకు పోస్తా అన్న, గంతే. ఉన్నోళ్లకు, పోయినోళ్లకు అని అనలేదు నేను. నువ్వు ఎవరి పేరు చెప్పే పని లేదు."

జాన్ బీ ఆమె ముఖంలోకి చూసింది. బయట మిలిటరీ లారీ ఒకటి గల్లీ మొగదల ఆగి, మళ్లీ కదిలి వెళ్లిపోయింది. ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా ఇద్దరూ కదల్లేదు. తర్వాత జాన్ బీ గోడ పట్టుకుని లేచి, అటక మీద బోర్లించిన కుండ దించింది.

"దుమ్ము పట్టింది. కడుక్కో."

అనసూయమ్మ కుండ కడిగింది. బెల్లం చితక్కొట్టి కుండలో వేసింది. నీళ్ల కోసం మూలనున్న బిందె వైపు చెయ్యి చాపి, క్షణం ఆగింది.

"మా నీళ్లే," అంది జాన్ బీ.

"ఊఁ," అని చెంబు ముంచింది అనసూయమ్మ.

బెల్లం కరిగాక గుడ్డలో వడగట్టింది. మట్టి, చెరుకు పీచు గుడ్డలో మిగిలాయి. నిమ్మకాయలు కోసి పిండుతుంటే జాన్ బీ ఊరుకోలేకపోయింది.

"గట్ల పిసుకుతరా? బట్టలు పిండుతున్నవా, నిమ్మకాయ పిండుతున్నవా? తొక్కల చేదంతా దిగుతది. ఒక్కసారి ఒత్తి వదిలెయ్యి."

"మా అత్త ఒక్క చుక్క మిగలనియ్యదు."

"మీ అత్త చేతుల పడితే రాయి సుత రసం కారుతది." జాన్ బీ పెదవి కొంచెం కదిలింది, మళ్లీ బిగుసుకుంది. "అగో, గింజ పడ్డది. తియ్యి. రాత్రిదాక ఉంటే గింజ సుత చేదే."

"ఇన్నేండ్లు నువ్వే పిండితివి. నాకేం తెలుసు?"

"పంపుడొక్కటే తెలుసు నీకు."

అనసూయమ్మ గింజ తీసి పారేసింది. సోంపు, మిరియాలు ఎక్కడున్నాయో జాన్ బీ కూర్చున్నచోటు నుంచే చూపించింది. వాటిని నూరి కలిపి, కుండ మీద పళ్లెం బోర్లించింది. జాన్ బీ కుండను ముట్టుకోలేదు. చెయ్యి అటు పోబోయి, ఒళ్లోకి తిరిగొచ్చింది.

అనసూయమ్మ కుండ తెచ్చి గడప మీద పెట్టుకుని కూర్చుంది. గల్లీలో ఎవరూ లేరు. ఎప్పుడూ ఈ వేళకు డప్పులతో, ఊదు పొగతో, పీర్ల కింద నుంచి పిల్లల్ని దాటించుకునే తల్లులతో నిండిపోయే గల్లీ అది. తన ఇంటి కిటికీలో అత్త నీడ ఒకసారి కనిపించి తప్పుకుంది. ఇద్దరు మనుషులు నడిచి వచ్చారు. షర్బత్ తాగుతారా అని ఆమె లేచి అడిగింది. ఒకడు తలుపు వంక, ఆమె బొట్టు వంక మార్చి మార్చి చూసి తల అడ్డంగా ఊపాడు. రెండోవాడు ఆగనే లేదు.

పొద్దు గుంకుతోంది. ఈ ఏడు దాహమైనవాళ్లు ఎవరూ రారేమో అనుకుంది అనసూయమ్మ. మొక్కు మళ్లీ సగంలోనే ఆగిపోయేలా ఉంది.

"నువ్వు తాగరాదు జానక్కా? పొద్దట్నించి ఏమన్న తిన్నవా?"

"రోజా ఉన్న. పండుగ నాటి ఉపాసం. అజా కావాలె."

"చుక్క నీళ్లు సుత తాగలేదా?"

"లేదు."

అనసూయమ్మ కుండను గడప మీంచి లోపలికి జరుపుకుంది. ఇద్దరూ కుండకు చెరోవైపు కూర్చున్నారు. దీపం వెలిగించాలని ఎవరికీ తోచలేదు. మసక చీకట్లో జాన్ బీ ముఖం సరిగ్గా కనిపించడం లేదు, ఊపిరి మాత్రం వినిపిస్తోంది. మసీదు నుంచి అజా వినిపించింది. ఏటా గల్లీ అంతా మోగే గొంతు, ఈ ఏడు ఎవరో వింటారన్నట్టు తగ్గి ఉంది.

జాన్ బీ తల మీద కొంగు సర్దుకుని, పెదవులు కదిపి, ఏదో చదువుకుంది. అందులో ఎవరి పేరు ఉందో, ఎవరి పేరు లేదో అనసూయమ్మకు తెలియదు. అడగలేదు. జాన్ బీ గిన్నె ముందుకు చాపింది.

అనసూయమ్మ రెండు చేతులతో కుండ ఎత్తి వంచి, గిన్నె నిండేదాకా పోసింది.

జాన్ బీ ఆపకుండా తాగింది. గుటకలు వినిపించాయి. గిన్నె దించి, కళ్లు తుడుచుకుంటూ, "బెల్లం ఎక్కువేసినవు," అంది.

"మా అత్త ఇచ్చింది."

"ఊఁ. ఇంకొంచెం పొయ్యి."

అనసూయమ్మ పోసింది.